గీత పెట్టని గడి

ఆవిడ తలకు రెండు వైపులా, సరిగ్గా చెవుల పైన, జుట్టు అణిగిపోయి సన్నని చాలులా ఉంటుంది. ఎంత దువ్వినా అది లేవదు. పంతొమ్మిదేళ్ళుగా రోజుకు ఎనిమిది గంటలు తలకు హెడ్‌ఫోన్లు బిగించుకుని కూర్చుంటే పాపం జుట్టు మాత్రం ఏం చేస్తుంది? ఆఫీసులో ఆవిడకు చెవులక్క అని పేరు. మొదట్లో చాటుగా అనుకునేవారు, తర్వాత మొహం మీదే అన్నారు, ఇప్పుడు ఫోనెత్తితే ఆవిడే "చెవులక్కని మాట్లాడుతున్నా" అంటుంది.

ఆవిడ ఉద్యోగం వినడం. తీరానికి దూరంగా, సముద్రం అడుగున, ఒకదాని తర్వాత ఒకటిగా నాలుగు చోట్ల మైకులు దించి పెట్టారు. వాటిని ఒకటో చెవి, రెండో చెవి, మూడో చెవి, నాలుగో చెవి అంటారు. నాలుగోది అన్నిటికంటే దూరం. వాటి తీగలన్నీ ఒడ్డున ఉన్న రేకుల కప్పు భవనంలోకి వస్తాయి. ఆ భవనంలో కిటికీ లేని గది, గదిలో బల్ల, బల్ల ముందు చెవులక్క. నీటి అడుగున దాక్కుని వెళ్ళే వాటినే ఆవిడ పట్టుకోవాలి. పుస్తకాల్లో వాటిని జలాంతర్గాములు అంటారు గాని ఆ గదిలో ఉత్త పడవలే. అంత పెద్ద మాట నోరు తిరిగేలోపు అది కాస్తా దాటిపోతుంది.

అవతలి దేశం పడవల అసలు పేర్లు ఎవరికి కావాలి? చప్పుడును బట్టి వీళ్ళే నామకరణం చేసుకున్నారు. ఒకటి కుట్టుమిషను, ఒకటి పిండిమర, ఒకటి గురక. కాసేపు ఆగి, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు గొణుక్కుంటూ బయల్దేరేదానికి అత్తగారు అని పేరు. ఆ పేరు పెట్టింది చెవులక్కే. ఎందుకు పెట్టిందని ఎవరూ అడగలేదు.

వినడం ఒక ఎత్తు, రాయడం ఒక ఎత్తు. రిజిస్టరులో ప్రతి పావుగంటకు ఒక వరుస, వరుసకు నాలుగు గడులు, ఒక్కో చెవికి ఒక్కో గడి. అవతలివాళ్ళ పడవ వినిపిస్తే ఆ గడిలో దాని పేరు రాయాలి. ఏమీ వినిపించకపోతే అడ్డగీత పెట్టాలి. మన పడవ వినిపిస్తే మాత్రం ఏమీ రాయకూడదు, గీత కూడా పెట్టకూడదు, గడిని ఖాళీగా వదిలెయ్యాలి. ఎప్పుడైనా ఆ పుస్తకం పరాయివాడి చేతిలో పడితే అందులో మనవాళ్ళ ఊసు ఒక్క అక్షరం కూడా ఉండకూడదని ఎప్పుడో ముప్పై ఏళ్ళ కిందట పెట్టిన రూలు అది. చెవులక్క దాన్ని ఒక్కనాడూ తప్పలేదు.

మన పడవల్లో ఒకదానికి ఎక్కిళ్ళు అని పేరు. నాలుగు సార్లు తిరిగాక దాని పంపు ఒకసారి హిక్కుమంటుంది. ఆ పంపును చూసుకునే మెకానిక్కు చెవులక్క తమ్ముడు. ఆవిడకంటే పన్నెండేళ్ళు చిన్న. తల్లి పోయాక ఆవిడే చంకనేసుకుని పెంచింది. వాడికి చదువొచ్చింది, ఉద్యోగమొచ్చింది, పెళ్ళాం వచ్చింది, నడినెత్తిన ఒక బట్టతల కూడా వచ్చింది. ఆవిడకు మాత్రం వాడింకా పసివాడే.

ఎక్కిళ్ళు అవతలి దేశం తీరం దాకా వెళుతుంది. అక్కడ అడుగున నక్కి, వాళ్ళ మాటలు విని, ఇరవై రెండో రోజున తిరిగొస్తుంది. అవతలివాళ్ళు మన తీరానికి వచ్చి చేసేదీ అదే. మనవాళ్ళు చేస్తే కాపలా, వాళ్ళు చేస్తే చొరబాటు. పేపర్లలో అలాగే రాస్తారు. ఇరవై రెండో రోజున నాలుగో చెవిలో హిక్కుమని వినిపించగానే చెవులక్క గడిని ఖాళీగా వదిలి, నిమ్మళంగా లేచి, వరండాలో ఉన్న ఫోనులో మరదలికి ఒక్క మాట చెబుతుంది.

"వేణ్ణీళ్ళు పెట్టు."

అంతే, ఫోను పెట్టేస్తుంది. ఇరవై రెండు రోజులు నూనె కంపులో బతికినవాడికి ఇంటికి రాగానే ముందు కావలసింది స్నానం. పంతొమ్మిదేళ్ళ నౌకరీలో ఆవిడ చేసే తప్పు పని అదొక్కటే.

ఆ ఏడాది రెండు దేశాలకూ మాటామాటా పెరిగింది. మా నీళ్ళలోకి వస్తున్నారని మనవాళ్ళు, మేమెందుకొస్తాం మీ మొహం అని వాళ్ళు. చివరికి రాజధానిలో బల్లకు అటొకరూ ఇటొకరూ కూర్చుని మాట్లాడుకోవాలని తేలింది. సాక్ష్యం చూపించండి అన్నారు వాళ్ళు. విదేశాంగ శాఖలో ఒక బుర్రకు మెరుపులాంటి ఆలోచన తట్టింది. వినే గదిలో రిజిస్టరు ఉందిగా! ఏ రోజు, ఏ గంటకు, వాళ్ళ పడవ ఏది వచ్చిందో అంతా ఉంటుంది. మనవాళ్ళ సంగతి ఒక్క ముక్క ఉండదు. అంతకంటే శుభ్రమైన సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? ఆరునెలల రిజిస్టరుకు చక్కని దస్తూరీలో నకలు రాసి నాలుగు రోజుల్లో పంపమని ఉత్తరం వచ్చింది. చెవులక్క అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి కాబట్టి ఆ పని ఆవిడ నెత్తిన పడింది.

మొదటి రోజంతా ఆవిడ హుషారుగానే రాసింది. రెండో రోజు మధ్యాహ్నం, ఆరునెలల పేజీలు వరసగా తిరగేస్తుంటే, రాసినవి కాకుండా రాయనివి కళ్ళకు తగలడం మొదలైంది. పేజీ నిండా పేర్లూ గీతలూ, వాటి మధ్య తెల్లగా ఒక గడి. ఒకటో చెవిలో ఒకటి, ముప్పావుగంట తర్వాత రెండో చెవిలో ఒకటి, మరో ముప్పావుగంటకు మూడో చెవిలో, ఆ తర్వాత నాలుగో చెవిలో. ఇరవై రెండు రోజులు పోయాక అవే గడులు వెనక్కి, నాలుగు, మూడు, రెండు, ఒకటి. లెక్కపెడితే ఆరునెలల్లో నూట పన్నెండు ఖాళీలు. మన పడవలు ఏ దారిన వెళతాయో, ఏ గంటకు వెళతాయో, ఎన్ని రోజులకు వస్తాయో పూసగుచ్చినట్టు కనబడుతోంది. అందులో తమ్ముడి ఖాళీలు ఏవో ఆవిడకు చూడగానే తెలిసిపోయాయి.

పుస్తకం పట్టుకుని పై అధికారి గదిలోకి పరిగెత్తింది. ఆయన్ను అందరూ రూళ్ళకర్ర అంటారు. మనిషి నిటారుగా ఉంటాడు, రూలు దాటి అంగుళం జరగడు.

"సార్, ఒక్కసారి ఈ ఖాళీలు చూడండి."

"ఖాళీల్లో చూడ్డానికేముందమ్మా?"

ఆవిడ వేలు పెట్టి చూపించింది. ఆయన కళ్ళజోడు పైకీ కిందకీ జరిపి చాలాసేపు చూశాడు.

"చెబుతున్నావు కాబట్టి కనబడుతోంది. ఖాళీని ఎవడు చదువుతాడమ్మా? మనం రాసింది చదవడానికే దిక్కు లేదు."

"చదివేవాడు ఒక్కడుంటే చాలు సార్. మా తమ్ముడు ఆ దారిలోనే పోతాడు."

"ఈ రూలు పెట్టిందెవరో తెలుసా? ఇప్పుడు హెడ్డాఫీసులో అన్నిటికంటే పెద్ద కుర్చీలో కూర్చున్నాయన. మీ రూలు తప్పండీ అని ఆయనకి నన్ను ఉత్తరం రాయమంటావా?"

"మీరేం రాయొద్దు. నకల్లో ఆ ఖాళీలన్నిట్లోనూ నేనే గీతలు పెట్టేస్తాను. ఏమీ వినపడలేదనుకుంటారు."

ఆయన సొరుగు లాగి, అందులో లేనిదేదో కాసేపు వెతికాడు. తర్వాత సొరుగు మూసేశాడు.

"నువ్వు నాకేం చెప్పలేదు. నేనేం వినలేదు."

ఆ ఆఫీసులో వినకపోవడానికి జీతం తీసుకునేది ఆయనొక్కడే. చెవులక్క తన బల్ల దగ్గరకు వచ్చి నూట పన్నెండు గడుల్లో నూట పన్నెండు గీతలు గీసింది. రిజిస్టరులో ఖాళీ, నకలులో గీత. ఒక్కటి కూడా వదలకుండా రెండుసార్లు సరిచూసుకుంది. గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. ఆ వారమంతా ఆవిడకు కంటినిండా నిద్ర పట్టింది.

ఆదివారం సెలవు. తమ్ముడింటికి వెళ్ళింది. పది రోజుల్లో వాడి ప్రయాణం. వెళ్ళేసరికి వాడు వంటగది కుళాయి కింద బోర్లాపడి ఉన్నాడు.

"చూడు వదినా," అంది మరదలు. "సముద్రంలో పంపులన్నీ ఈయనే నడుపుతాడట. ఇంట్లో కుళాయి ఆర్నెల్లుగా కారుతోంది."

"ఇది వేరే జాతి," అన్నాడు వాడు కింద నుంచి. "ప్రభుత్వం పంపు మాట వింటుంది. ఇది పెళ్ళాం పంపు."

"నీ ప్రభుత్వం పంపు సంగతి నాకు తెలుసులే," అంది చెవులక్క. "ఆ ఎక్కిళ్ళు ఎప్పుడాపుతావురా? చెవి ఉన్నవాడెవడికైనా నువ్వు వెళ్ళే సంగతి తెలిసిపోతుంది."

వాడు లేచి, చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. "స్పేరు పార్టు వచ్చిందక్కా. ఈసారి తిరిగిరాగానే మార్చేస్తాం. మారిస్తే మరి నేను నీకు వినపడను, అప్పుడేడుస్తావు."

"వినపడకపోతేనే మేలు."

"ఎక్కిళ్ళొస్తే ఎవరో తలుచుకుంటున్నట్టే కదా. మా పడవని నువ్వే కూర్చుని తలుచుకుంటుంటావు. తప్పు నీదే."

అప్పుడు ఆవిడకు రిజిస్టరు సంగతి నోటి చివరిదాకా వచ్చింది. గండం గడిచిపోయిందిగా, ఇప్పుడు చెప్పి వాణ్ణి కంగారు పెట్టడం దేనికని మింగేసింది. వెళ్ళేటప్పుడు వాడు గేటు దాకా వచ్చి, చిన్నప్పటిలాగే ఆవిడ సంచి లాక్కుని, బస్సెక్కేదాకా మోశాడు.

పదో రోజు బుధవారం. పొద్దున పదిన్నరకు ఒకటో చెవిలో హిక్కుమంది. చెవులక్క గడి ఖాళీగా వదిలింది. రెండో చెవి దాకా రావడానికి ముప్పావుగంట పడుతుంది కాబట్టి పక్క సీటు ఆయన్ను కూర్చోబెట్టి టీ తాగుదామని వరండాలోకి వచ్చింది.

అక్కడ విదేశాంగ శాఖ నుంచి వచ్చిన పెద్దమనిషి రూళ్ళకర్రతో కబుర్లాడుతున్నాడు. బూట్లు అద్దాల్లా మెరుస్తున్నాయి. బల్ల మీద గుడ్డ చుట్టిన ఆరునెలల రిజిస్టరు ఉంది. నకలు కాదు, అసలుది.

"ఇది బీరువాలో ఉండాలి కదా," అంది చెవులక్క.

"పోయిన ఆదివారం కాక ఆ ముందు ఆదివారం వచ్చి నేనే తీసుకెళ్ళానమ్మా. మీకా రోజు సెలవట. నకలు నమ్మం, అసలు చూపించండని పట్టుబట్టారు వాళ్ళు. సీలేసిన ఉత్తరం తెస్తే మీ సారు వెంటనే ఇచ్చేశారు. పది రోజులు నా దగ్గరే ఉండిపోయింది, ఇవాళ ఇటుగా పనిబడి తెచ్చాను."

రూళ్ళకర్ర టీకప్పులోకి చూస్తున్నాడు.

"బ్రహ్మాండంగా పనిచేసిందనుకోండి," అన్నాడు పెద్దమనిషి. "వాళ్ళ తరఫున ఒక ముసలాయన వచ్చాడు. అసలూ నకలూ పక్కపక్కన పెట్టుకుని, ఒక్కో గడి మీదా వేలు పెట్టి సరిచూశాడు. రెండు గంటలు తలెత్తలేదు, టీ కూడా ముట్టలేదు. మీరు రాసినదాన్ని అంత శ్రద్ధగా చదివినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు."

"ఎలా ఉంటాడాయన?" అంది చెవులక్క.

"ఎలా అంటే... మామూలుగానే. జుట్టే కాస్త విచిత్రం. చెవుల పైన ఇలా నొక్కుకుపోయి ఉంది." ఆయన చూపించబోయి ఆవిడ తల వైపు చూశాడు. "అచ్చం మీలాగే."

చెవులక్క కప్పు కింద పెట్టడం కూడా మర్చిపోయి గదిలోకి పరిగెత్తింది. ఉత్త రిజిస్టరే పంపి ఉంటే ఖాళీలను ఎవరూ పట్టించుకునేవారు కాదేమో. తనే వాటిమీద గీత గీసి, ఇవిగో, దాచాలనుకున్నవి ఇవేనని ఒక్కొక్కటే వేలెత్తి చూపించింది. నూట పన్నెండూ. రెండుసార్లు సరిచూసుకుని మరీ.

రెండో చెవిలో ఎక్కిళ్ళు ఒంటరిగానే వెళ్ళింది. మూడో చెవిలో కూడా హిక్కుమంది, దూరమైంది. దాని చప్పుడు ఇంకా చెవిలో ఉండగానే, మూడో చెవికి దగ్గర్లో, అంతసేపూ ఊపిరి బిగబట్టి కూర్చున్నదేదో మెల్లగా కదిలింది. టకటక టకటక. కుట్టుమిషను. అది ఎక్కిళ్ళు వెళ్ళిన దారినే, వెనకే వెళ్ళింది.

ఆవిడ గడిలో కుట్టుమిషను అని రాసింది. ముత్యాలన్నీ చెదిరిపోయాయి.

రూళ్ళకర్ర హెడ్డాఫీసుకు ఫోను కలిపాడు. ఆవిడ పక్కనే నిలబడి వింది. పడవ ఒకసారి మునిగాక తొమ్మిదో రోజు దాకా తల ఎత్తదు, ఈలోగా ఏ కబురూ అందదు, తొమ్మిదో రోజు చెబుతాం అన్నారు అవతల. వెనకబడితే ఏం కొంప మునిగింది, మనం వాళ్ళ వెనక పడటం లేదా అని కూడా అన్నారు. చివర్లో ఒక ప్రశ్న వేశారు. సరిగ్గా ఆ గంటకు, ఆ దారిలో మన పడవ వస్తుందని వాళ్ళకెలా తెలిసింది?

రూళ్ళకర్ర ఆవిడ వైపు చూశాడు. "తెలియదండీ," అన్నాడు ఫోనులో.

"ఇటివ్వండి, నేను చెబుతాను," అంది చెవులక్క.

ఆయన ఫోను పెట్టేశాడు. "చెబితే పడవ వెనక్కొస్తుందా అమ్మా?"

రాదు. ఆవిడకు తెలుసు. ఉద్యోగం పోతుందనో జైల్లో వేస్తారనో ఆవిడకు భయం లేదు. చెప్పినా చెప్పకపోయినా తమ్ముడికి ఒరిగేదేమీ లేదన్నదే ఆవిడను అక్కడ నిలువునా తినేసింది.

ఆరో రోజు మధ్యాహ్నం నాలుగో చెవిలో, ఎంతో దూరం నుంచి, ఒక్క చప్పుడు వచ్చింది. పక్కింట్లో ఎవరో తలుపు వేసినట్టు. ఆ తర్వాత ఏమీ లేదు. అది ఏ పడవదీ కాదు, ఏ పేరుకూ సరిపోదు. గుర్తు తెలియని చప్పుడు అని రాసింది. తొమ్మిదో రోజున కబురు పంపామని హెడ్డాఫీసు చెప్పింది. అందిందా అంటే, దాక్కున్న పడవ జవాబివ్వకూడదు, అది రూలు అంది.

పదమూడో రోజు పేపరు మొదటి పేజీలో ఫొటో పడింది. మన మంత్రీ వాళ్ళ మంత్రీ చేతులు కలుపుకుని పళ్ళికిలిస్తున్నారు. ఒకరి నీళ్ళలోకి ఒకరు వెళ్ళకూడదని ఒప్పందం. సముద్రంలో అంతా ప్రశాంతంగా ఉందని ఇద్దరూ చెప్పారట. చెవులక్క ఆ పేపరును నాలుగు మడతలు పెట్టి, కుర్చీ కాలి కింద ఎత్తు సర్దడానికి దూర్చింది. దాని ఉపయోగం అంతవరకే.

మరదలు రోజూ సాయంత్రం ఇంటికి వచ్చి వెళ్ళేది. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై అని వేళ్ళు మడిచేది. కుళాయి మళ్ళీ కారుతోందని, వచ్చాక చెబుతాను ఆయన పని అని నవ్వేది. చెవులక్కకు ఆ నవ్వు వినడం కంటే చెవిటిదైపోవడం నయమనిపించేది.

ఇరవై రెండో రోజు. తొమ్మిదింటికి నాలుగో చెవిలో వినిపించాలి. పంతొమ్మిదేళ్ళలో ఎన్నడూ విననంత గట్టిగా వింది. నీళ్ళు, నీళ్ళ కింద నీళ్ళు. తొమ్మిదింపావు. తొమ్మిదిన్నర. ఏమీ వినిపించకపోతే గీత పెట్టాలి. పెన్ను గడి మీదకు తీసుకెళ్ళి ఆపేసింది. గీత పెడితే లేడని ఒప్పుకున్నట్టే. గడి ఖాళీగా వదిలింది. ఆ కింది గడి కూడా. పదకొండున్నర అయ్యేసరికి నాలుగో చెవి కింద పది గడులు తెల్లగా ఉన్నాయి.

రూళ్ళకర్ర వచ్చి ఆవిడ భుజం మీదుగా రిజిస్టరులోకి చూశాడు. ఇన్నాళ్ళకు ఆయన మొహంలో వెలుగు వచ్చింది.

"వచ్చేశారన్నమాట!" అన్నాడు. "వచ్చేశారు కదమ్మా? వెళ్ళు, వెళ్ళి మీ మరదలికి ఫోను చేసుకో. నాకెప్పట్నించో తెలుసులే. నేనేం వినను."

చెవులక్క ఆయన మొహంలోకి చూసింది. ఖాళీని చదివాడు. ఎవడు చదువుతాడమ్మా అన్న మనిషే చదివి, నమ్మేశాడు.

ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. పెన్ను తీసుకుని, పై గడిలో ఒక గీత గీసింది. దాని కింది గడిలో ఇంకొకటి. ఒక్కొక్కటే, తొందరపడకుండా, పది గడుల్లో పది గీతలు. రూళ్ళకర్ర చూస్తూ నిలబడ్డాడు. ఆయన చెయ్యి కుర్చీ కోసం వెతుక్కుంది.

వరండాలో ఫోను మోగింది. ఆవిడే వెళ్ళి ఎత్తింది.

"వదినా, నువ్వింకా చెయ్యలేదేమా అని నేనే చేశా. ఆగలేక నీళ్ళు పెట్టేశాను కూడా. బయల్దేరాడా?"

మరదలి మాట వెనక, వంటగదిలో కుళాయి చుక్కచుక్కగా కారుతోంది. దాని పక్కన పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. రెండూ ఆవిడకు స్పష్టంగా వినిపించాయి.

"వదినా?"

"పొయ్యి ఆపెయ్యమ్మా," అంది చెవులక్క. "నేనొస్తున్నా."